వెయ్యి సర్వర్లు, ఒక్క కమాండు

సర్వర్లు చూసుకునేవాళ్ళ ఉద్యోగం ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ప్రోగ్రాములు రాసేవాడైతే “ఫలానా బ్యాంకు సైటులో మీరు నొక్కే మీట ఉందే, అది నేను చేసిందే” అని చుట్టాల ముందు చెప్పుకోవచ్చు. మాకు చూపించుకోవడానికి ఏముంటుంది? అన్నీ సవ్యంగా నడిచిన రోజున మేం ఉన్నామన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. అయినా మా పనికీ ఒక చరిత్ర ఉంది. అందులో పురుగులున్నాయి, కోర్టు కేసులున్నాయి, ముప్పావు గంటలో మునిగిపోయిన కంపెనీ కూడా ఉంది. అందులోంచి ఒక్క ముక్క ఇవాళ చెబుతాను. ఒకచోట కూర్చుని, ఒక్కసారి ఎంటరు నొక్కి, వందలూ వేల కంప్యూటర్ల చేత ఒకే పని చేయించడం ఎలా మొదలైంది, ఎక్కడెక్కడ తగలబడింది అన్నది.

ముందు ఈ వృత్తిలో లేనివాళ్ళ కోసం రెండు మాటలు. మామూలుగా జనం కంప్యూటరుతో మౌసు పట్టుకుని మాట్లాడతారు. మేం టైపు చేసి మాట్లాడతాం. మనం టైపు చేసిన మాట విని, దాన్ని పనిగా మార్చే మధ్యవర్తి పేరు షెల్లు. “డిస్కు ఎంత నిండిందో చెప్పు” అని ఒక మిషను నడిగితే రెండు సెకన్లలో చెబుతుంది. అదే ప్రశ్న నాలుగొందల మిషన్లని అడగాలి. ఒక్కోదానిలోకీ లాగిన్ అయి, అడిగి, జవాబు రాసుకుని, బయటికొచ్చి, పక్కదానిలోకి వెళ్ళాలంటే ఆ రోజు అక్కడితో సరి. పైగా నూట యాభయ్యోదాని దగ్గరకొచ్చేసరికి మనిషికి కళ్ళు మూతలు పడతాయి. రెండొందలోదాన్ని వదిలేసినా తెలీదు. (ఈ వదిలేసిన ఒక్కదాని సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.)

ఒకే పనిని చాలా మిషన్ల మీదకి ఒకేసారి తోలాలన్న కోరిక సర్వర్ల వ్యాపారం కన్నా పాతది. కాలిఫోర్నియాలో జిరాక్స్ వాళ్ళ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1970ల చివరికే ఆల్టో అనే కంప్యూటర్లు వంద దాకా ఈథర్నెట్ తీగతో కలిపి ఉండేవి. రాత్రి జనం ఇళ్ళకి పోయాక అవన్నీ ఖాళీ. జాన్ షాక్, జాన్ హప్ అనే ఇద్దరు పరిశోధకులు, ఈ ఖాళీ మిషన్లని వెతుక్కుంటూ వెళ్ళి, దొరికిన వాటిలోకి దూరి పని చేసుకునే ప్రోగ్రాము ఒకటి రాశారు. దానికి పురుగు అని పేరు పెట్టారు. జాన్ బ్రన్నర్ 1975లో రాసిన ఒక సైన్సు ఫిక్షన్ నవలలోంచి తీసుకున్న పేరు అది. వీళ్ళ వ్యాసం 1982లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో వచ్చింది. పరిశోధన వ్యాసాల్లో నేను కథలా చదివినవి తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఏం జరిగిందంటే, ఒక రాత్రి చిన్న పురుగునొకదాన్ని, కొద్ది మిషన్ల మీద మాత్రమే ఆడేట్టుగా పెట్టి, ఇళ్ళకి పోయారు. తెల్లారి వచ్చి చూస్తే డజన్లకొద్దీ మిషన్లు చచ్చి పడున్నాయి. ప్రోగ్రాము ప్రతి ఒకటి ఎక్కడో చెడిపోయింది. చెడిపోయిన ప్రతి దూరిన మిషను వెంటనే పడిపోతుంది. పురుగుకేమో “నాకు ఒక మిషను తక్కువైంది” అన్న సంగతే తెలుసు కాబట్టి ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. అదీ పడిపోతుంది. మనుషులు వెళ్ళి మిషనుని లేపితే, లేచిన మిషను ఖాళీగా ఉంది కదా అని పురుగు మళ్ళీ అందులోకే దూరుతుంది. అన్నిటికన్నా ఘోరం, కొన్ని మిషన్లున్న గదులకి ఆ పొద్దున తాళాలేసి ఉన్నాయి. తలుపు అవతల పురుగు ఆడుతూనే ఉంది, ఆపడానికి చెయ్యి పెట్టే దారి లేదు.

అదృష్టం, వీళ్ళు ముందుచూపున్నవాళ్ళు. ఎక్కడున్న పురుగైనా, ఏ పనిలో ఉన్నా సరే, వినగానే ఆగిపోవాల్సిన ప్రత్యేకమైన సందేశం ఒకటి మొదట్లోనే పెట్టి ఉంచారు. దాన్ని నెట్వర్కులోకి వదిలారు. అంతా ఆగింది. భవనం నిండా వంద చచ్చిన కంప్యూటర్లు మిగిలాయి. వెయ్యి మిషన్లకి ఆజ్ఞ ఇచ్చేవాడు ముందు “ఆగు” అనే ఆజ్ఞ తయారు చేసుకోవాలన్న విషయం 1982 నాటికే అచ్చులో ఉందన్నమాట. ఆ తరవాత నలభయ్యేళ్ళలో దాన్ని ఎంతమంది చదివారో, చదివి ఎంతమంది మర్చిపోయారో ముందు ముందు చూద్దురుగాని.

ఇక మామూలు మనుషుల సంగతి. బర్క్లీ విశ్వవిద్యాలయం వాళ్ళు 1983లో విడుదల చేసిన 4.2 బీఎస్డీ యూనిక్సుతో పాటు “ఆర్” అక్షరంతో మొదలయ్యే కమాండుల కుటుంబం ఒకటి వచ్చింది. ఆర్‌లాగిన్‌తో దూరంగా ఉన్న మిషనులోకి లాగిన్ కావచ్చు. ఆర్‌సీపీతో ఫైళ్ళు పంపచ్చు. ఆర్ఎస్‌హెచ్‌తో లాగిన్ కాకుండానే, ఇక్కడ కూర్చునే, అక్కడ ఒక్క కమాండు నడిపించి, జవాబు ఇక్కడ చూసుకోవచ్చు. మన కథకి నాయకుడు ఈ మూడోవాడే. (సిస్టమ్ ఫైవ్ రకం యూనిక్సుల్లో ఇదే పేరుతో అప్పటికే వేరే కమాండు ఉంది, కట్టుబాట్లున్న షెల్లు. అందుకని హెచ్‌పీ వాళ్ళ యూనిక్సులో దీన్ని రెమ్ష్ అనేవారు. పాత హెచ్‌పీ మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు.)

ఆర్ఎస్‌హెచ్ అందం ఏమిటంటే పాస్‌వర్డు అడగదు. అడిగితే నాలుగొందల సార్లు పాస్‌వర్డు కొట్టాలి, ఇక దాన్ని వాడే ప్రయోజనమే పోతుంది. మరి లోపలికి ఎలా రానిస్తుంది? పల్లెటూళ్ళో కొత్తవాడు గుమ్మం ముందు నిలబడితే “ఎవరబ్బాయివి నాయనా?” అని అడుగుతారు. ఫలానావారి అబ్బాయినంటే కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి, అన్నం పెడతారు. సరిగ్గా అదే పద్ధతి. ప్రతి మిషనులోనూ నమ్మదగ్గ మిషన్ల పేర్ల జాబితా ఒకటి ఉంటుంది. ఎవరికి వారు తమ ఇంట్లో పెట్టుకునే జాబితా ఇంకోటి. వచ్చినవాడు ఆ జాబితాలో ఉన్న మిషను నుంచే వస్తున్నాడా, తన పేరు ఏమని చెబుతున్నాడు, అంతే, లోపలికి రా.

ఇంత అమాయకంగా ఎలా ఉన్నారని నవ్వుకోకండి. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. 1024 కన్నా తక్కువ అంకె ఉన్న పోర్టుల్లోంచి మాట్లాడాలంటే ఆ మిషను మీద రూటు అధికారం ఉండాలి. కాబట్టి ఆ పోర్టులోంచి వచ్చిన మాటకి ఆ మిషను పెద్దమనిషి పూచీ ఉన్నట్టే. ఒక్కో కంప్యూటరు అల్మారా అంత ఉండి, దానికొక కాపలాదారు ఉన్న రోజుల్లో అది సబబే. ఎవడి బల్ల మీద వాడికో కంప్యూటరు, దాని మీద వాడే రూటు అయిన రోజున ఆ పూచీకి విలువ లేకుండా పోయింది. పద్ధతి మాత్రం అలాగే మిగిలిపోయింది.

1988 నవంబరు 2 సాయంత్రం దాని ఖరీదు తెలిసింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్న రాబర్ట్ టాపన్ మోరిస్ అనే కుర్రాడు, ఎమ్ఐటీ లోని ఒక మిషను నుంచి తన పురుగుని ఇంటర్నెట్టులోకి వదిలాడు. సెండ్‌మెయిల్‌లో ఒక లొసుగు, ఫింగర్ సర్వీసులో ఒక లొసుగు, తేలిక పాస్‌వర్డులు ఊహించడం, వీటితో పాటు అది వాడుకున్న ఇంకో దారి ఈ ఆర్ఎస్‌హెచ్ నమ్మకాల జాబితాలే. ఒక మిషనులోకి దూరాక, “ఈ మిషనుని ఎవరెవరు నమ్ముతారు?” అన్న చిరునామాల పుస్తకం అక్కడే తెరిచి పెట్టి ఉందాయె. ఒకసారి దూరిన మిషనులోకి మళ్ళీ దూరకుండా చూసుకునే ఏర్పాటు అతను చేశాడు. కానీ ఎవరైనా “నేనిక్కడ ముందే ఉన్నాను” అని అబద్ధం చెప్పి పురుగుని తరిమేస్తారేమోనని, ఏడుసార్లలో ఒకసారి ఆ మాట వినకుండా దూరమని రాశాడు. ఆ ఏడింట ఒకటే ఎక్కువైపోయింది. ఒక్కో మిషనులో పదుల కొద్దీ కాపీలు పేరుకుని ఊపిరాడకుండా చేశాయి. అప్పటి అంచనా ఆరువేల మిషన్లు, అంటే ఆనాటి ఇంటర్నెట్టులో పదో వంతు. జిరాక్స్ వాళ్ళు పెట్టుకున్న “ఆగు” సందేశంలాంటిది ఇందులో లేదు. 1990లో కోర్టు అతనికి మూడేళ్ళ ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది. తరవాతి కాలంలో అతను అదే ఎమ్ఐటీలో ప్రొఫెసరయ్యాడు. అమెరికా అంటే నాకు ఆశ్చర్యం కలిగించే విషయాల్లో ఇదొకటి.

ఇంత జరిగాక ఆర్ఎస్‌హెచ్ మర్నాడే పోయిందనుకుంటే పొరపాటు. నేను ఈ దేశంలో కాలుపెట్టిన 1990ల చివర్లో కూడా చాలాచోట్ల హాయిగా నడుస్తోంది. “లోపలి నెట్వర్కే కదా” అనేవారు. పనికొచ్చే వస్తువుని ప్రమాదం అన్న ఒక్క కారణంతో ఎవరూ వదలరు. అంతే పనికొచ్చే ఇంకో వస్తువు చేతికి రావాలి.

అది ఫిన్లాండు నుంచి వచ్చింది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్వర్కులో ఎవరో నక్కి, తీగ మీద పోయే పాస్‌వర్డులన్నీ పోగేస్తున్నట్టు బయటపడింది. టెల్నెట్, ఆర్‌లాగిన్‌లు పాస్‌వర్డుని ఉన్నదున్నట్టుగా పంపుతాయి. ఆ రోజుల్లో ఒకే తీగ మీదున్న మిషన్లకి ఒకరి మాటలు ఇంకొకరికి వినబడేవి. వినాలన్న బుద్ధి పుట్టడమే తరువాయి. అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ విసిగిపోయి, మొత్తం సంభాషణని రహస్య లిపిలో నడిపే ప్రోగ్రాము రాసి, ఆ జులైలో ఊరికే పంచిపెట్టాడు. అదే ఎస్ఎస్‌హెచ్. ఆ ఏడాది చివరికి 50 దేశాల్లో 20,000 మంది వాడుతున్నారు. దానికి పోర్టు నంబరు 22 ఎలా వచ్చిందో ఆయనే తరవాత రాసుకున్నాడు. ఎఫ్‌టీపీ 21, టెల్నెట్ 23, రెండింటినీ తప్పించాలన్నది తన ఉద్దేశం కాబట్టి మధ్యలో ఖాళీగా ఉన్న 22 కావాలని పోర్టులు పంచేవాళ్ళకి ఒక ఉత్తరం రాశాడు. మర్నాటికి ఇచ్చేశారు. ఇవాళైతే ఎన్ని కమిటీలు కూర్చోవాలో! 1999లో ఓపెన్‌బీఎస్డీ వాళ్ళు ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ తెచ్చాక ఇది ప్రతి యూనిక్సు మిషనులోనూ తిష్ఠ వేసింది.

మనకి సంబంధించిన ముక్క ఏమిటంటే, ఎస్ఎస్‌హెచ్ కూడా పాస్‌వర్డు అడగకుండా పనిచేయగలదు. “ఎవరబ్బాయివి?” అన్న ప్రశ్నకి బదులు తాళంచెవుల జత వచ్చింది. ఒక సగం నా దగ్గర దాచుకుంటాను, రెండో సగం నాలుగొందల మిషన్ల మీదా పెడతాను. నా సగం నా దగ్గరే ఉందని గణితంతో రుజువు చేస్తాను. ఆర్ఎస్‌హెచ్ లోని సుఖం పోలేదు, దాని గుడ్డి నమ్మకం పోయింది. నిజానికి ఎస్ఎస్‌హెచ్‌ని ఆర్ఎస్‌హెచ్ వాడినట్టే వాడచ్చు, కమాండు రూపం కూడా అదే. పాత స్క్రిప్టుల్లో ఒక అక్షరం మారిస్తే నడిచేవి. గెలుపులో సగం అక్కడుందని నా నమ్మకం.

సరే, తాళాలు దొరికాయి. ఒక్క కమాండుని వెయ్యి మిషన్లకి పంపడం ఎలా? అందరూ మొదట రాసేది ఫర్ లూపే. జాబితాలో ఒక్కో పేరూ తీసుకో, ఎస్ఎస్‌హెచ్ చెయ్యి, తరవాతదానికి వెళ్ళు. పది మిషన్లకి బంగారంలా పనిచేస్తుంది. వెయ్యికి చూడండి. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా అరగంట దాటుతుంది. అందులో పది మిషన్లు చచ్చి ఉన్నాయనుకోండి. చచ్చిన మిషను “నేను చచ్చాను” అని చెప్పదు, ఊరుకుంటుంది. లైనక్సు తన మామూలు లెక్కలో రెండు నిమిషాలకి పైగా తలుపు కొట్టి గానీ ఆశ వదులుకోదు. ఆ పదింటికే ఇంకో ఇరవై నిమిషాలు. మధ్యలో ఎవరైనా కొత్త మిషను “నేను నీకు తెలుసా? అవునా, కాదా?” అని అడిగి కూర్చుంటే, మీరు కాఫీ తాగి వచ్చేదాకా లూపు అక్కడే.

ఇంకో గమ్మత్తు చెప్పి తీరాలి. మిషన్ల పేర్లు ఒక ఫైల్లో పెట్టి, వైల్ రీడ్ లూపుతో ఒక్కో వరుసా చదువుతూ ఎస్ఎస్‌హెచ్ నడిపితే, మొదటి మిషనుకి మాత్రం పనిచేసి లూపు ఆగిపోతుంది. తప్పూ చెప్పదు, ఒప్పూ చెప్పదు. అయిపోయిందనే అనిపిస్తుంది. కారణమేమిటంటే, ఎస్ఎస్‌హెచ్ తన ముందున్న ఇన్‌పుట్టుని అవతలి మిషనుకి చేరవేయడం తన ధర్మం అనుకుంటుంది. లూపు చదువుకోవాల్సిన మిగతా పేర్లన్నీ అదే ఇన్‌పుట్టులో ఉన్నాయి. వాటన్నిటినీ ఊడ్చి మొదటి మిషనుకి ధారపోస్తుంది. రెండో చుట్టుకి చదవడానికి ఏమీ మిగలదు. మందు చిన్నదే, డ్యాష్ ఎన్ అని ఒక్క అక్షరం చేరిస్తే ఇన్‌పుట్టు జోలికి పోదు. ఆర్ఎస్‌హెచ్‌కీ ఇదే రోగం, ఇదే మందు. నలభయ్యేళ్ళుగా ప్రతి తరమూ దీన్ని కొత్తగా కనిపెట్టి ఒక పూట జుట్టు పీక్కుంటోంది.

పెద్దయెత్తున పరిష్కారం వెతికినవాళ్ళు వ్యాపారస్థులు కాదు, సైన్సువాళ్ళు. 1994లో నాసా వారి గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ కలిసి, 16 మామూలు 486 పీసీలని ఈథర్నెట్టుతో కట్టి, లైనక్సు వేసి, బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. కోట్లు పోసి సూపర్‌కంప్యూటరు కొనలేని విశ్వవిద్యాలయాలన్నీ ఆ దారి పట్టాయి. పదహారు పోయి అరవై నాలుగు, ఐదొందలు. ప్రతిదానికీ ఒకే ప్యాచి, ఒకే ఫైలు, ఒకే రీబూటు. పెద్ద మిషన్ల వైపు ఐబీఎమ్ వాళ్ళ ఎస్పీ రకం సూపర్‌కంప్యూటర్లకి డీఎస్‌హెచ్ అనే పనిముట్టు ఉండేది. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో బ్లూ పసిఫిక్ అనే అలాంటి మిషను దగ్గర పనిచేసే జిమ్ గార్లిక్ దాన్ని తిరగరాసి పీడీఎస్‌హెచ్ చేశాడు. అణ్వాయుధాల లెక్కలు కట్టే మిషను చుట్టూ పుట్టిన ఆ చిన్న ప్రోగ్రాము తరవాత ప్రపంచంలో ఎందరో లైనక్సు కూలీల చేతికి వచ్చింది. అందులో నేనూ ఒకణ్ణి.

దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. వెయ్యింటినీ ఒకేసారి పిలవదు. పిలిస్తే పిలిచే మిషనే కూలబడుతుంది. మామూలుగా 32 మందిని పిలుస్తుంది, ఒకరి పని కాగానే ముప్పై మూడోవాణ్ణి పిలుస్తుంది. పెళ్ళిలో పంక్తి భోజనం కాదిది, ఒక విస్తరి లేవగానే అక్కడ ఇంకో విస్తరి. పలకనివాడి కోసం పది సెకన్లే ఆగుతుంది. “నోడు ఒకటి నుంచి వంద దాకా, పదిహేడు తప్ప” అని క్లుప్తంగా చెప్పచ్చు. ప్రతి జవాబు ముందూ ఎవరు చెప్పారో పేరుంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది దాని తమ్ముడు డీఎస్‌హెచ్‌బ్యాక్. వెయ్యి జవాబులు తెచ్చి ముందు కుమ్మరిస్తే ఎవడు చదువుతాడు? ఇది ఒకేలా ఉన్న జవాబులన్నీ ఒక కుప్ప చేస్తుంది. “ఈ 997 మంది ఒక మాట అన్నారు, ఈ ముగ్గురు వేరే మాట అన్నారు” అంటుంది. ఆ ముగ్గురి కోసమే కదా ఇంత తంటా!

తరవాత ఇలాంటివి చాలా వచ్చాయి. అన్నీ ఏకరువు పెట్టను. క్లస్టర్ ఎస్ఎస్‌హెచ్ మాత్రం చూడ్డానికి తమాషాగా ఉంటుంది. తెర మీద ముప్పై కిటికీలు తపాలా బిళ్ళలంత సైజులో తెరుచుకుంటాయి, మీరు ఒకచోట టైపు చేస్తే ముప్పైలోనూ అక్షరాలు పడతాయి. తోలుబొమ్మలాటలో తాళ్ళన్నీ ఒకే వేలికి కట్టినట్టు. ముప్పైలో ఒక బొమ్మ వేరే డైరెక్టరీలో నిలబడి ఉంటే, మీరు కొట్టిన చెరిపివేత కమాండు అక్కడ ఏం చెరుపుతుందో ఆ చిన్న కిటికీలో మీ కంటికి ఆనదు. నాకైతే అది చూస్తే భయం.

ఇన్ని పనిముట్లు వచ్చినా తీరని చిక్కు ఒకటి మిగిలింది. జాబితా. వెయ్యి మిషన్లకి కమాండు పంపాను సరే, నాకున్నవి వెయ్యేనని ఎవరు చెప్పారు? నేను పనిచేసిన ఒకచోట సర్వర్ల జాబితా ఎక్సెల్ షీటులో ఉండేది. దాన్ని నమ్మి ఏళ్ళ తరబడి శనివారం రాత్రి ప్యాచీలు వేసేవారు. హైదరాబాదు జట్టుకి అది ఆదివారం పొద్దున, ఇంట్లోవాళ్ళు సినిమాకి వెళ్తుంటే వీళ్ళు ఫోను పట్టుకుని కూర్చునేవారు. తీరా ఒక ఆడిట్టులో నెట్వర్కుని గాలిస్తే, షీటులో ఎక్కని మిషన్లు డజనుకి పైగా బయటపడ్డాయి. పుట్టిన దగ్గర్నించీ వాటికి ఒక్క ప్యాచీ పడలేదు. కమాండు ఎప్పుడూ విఫలం కాలేదు, పిలవనివాడు పలకలేదంతే.

ఈ చిక్కుని ముందుగా పసిగట్టినవాడు మార్క్ బర్జెస్. భౌతికశాస్త్రం చదివి, ఓస్లో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, రకరకాల యూనిక్సు మిషన్లని చూసుకోవాల్సి వచ్చి, 1993లో సీఎఫ్‌ఇంజన్ రాశాడు. ఆయన ఆలోచనని మన ఊరి భాషలో చెబుతాను. దండోరా వేయించారనుకోండి, ఆ పూట ఊళ్ళో ఉన్నవాడికే వినబడుతుంది. పొలానికో పక్కూరికో పోయినవాడికి తెలీదు. పంచాయితీ ఆఫీసు గోడకి కాగితం అంటిస్తే, ఎప్పుడొచ్చినవాడైనా చదువుకుంటాడు. బర్జెస్ మిషన్ల చేత గోడ కాగితం చదివించాడు. కాగితంలో రాసేది కూడా ఆజ్ఞ కాదు, ఉండాల్సిన స్థితి. “ఫైలు చివర ఈ వరుస చేర్చు” అన్న ఆజ్ఞ రెండుసార్లు నడిస్తే వరుస రెండుసార్లు పడుతుంది. “ఫైల్లో ఈ వరుస ఉండాలి” అంటే, వందసార్లు చదివినా ఒక్కసారే పడుతుంది, ఉంటే ముట్టుకోదు. 2005లో వచ్చిన పపెట్ ఈ వంశంలోదే.

దండోరావాళ్ళు మాత్రం ఊరుకుంటారా? మైకేల్ డిహాన్ 2012లో యాన్సిబుల్ విడుదల చేశాడు. గోడ కాగితంలోని “ఉండాల్సిన స్థితి” తీసుకుని, దాన్ని మళ్ళీ ఎస్ఎస్‌హెచ్ మీద దండోరాగా వేశాడు. అవతలి మిషన్ల మీద ప్రత్యేకంగా ఏ కాపలాదారునీ కూర్చోబెట్టనక్కర్లేదు, పైథాన్ ఉంటే చాలు. 2015లో రెడ్‌హ్యాట్ దాన్ని కొనేసింది. యాన్సిబుల్ అన్న మాట ఉర్సులా లెగ్విన్ 1966 నాటి నవలలో పుట్టించింది, నక్షత్రాల మధ్య కూడా క్షణంలో మాట చేరవేసే యంత్రం పేరు. మామూలుగా ఒకసారికి ఐదు మిషన్లనే పలకరించే పనిముట్టుకి కాస్త పెద్ద పేరే. :)

ఇప్పుడు ఆ వదిలేసిన ఒక్కదాని సంగతి.

నైట్ క్యాపిటల్ అమెరికా షేర్ మార్కెట్లో పెద్ద దళారీ సంస్థ. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కొత్త పథకం ఒకటి మొదలవుతోంది. దానికోసం నైట్ వాళ్ళు తమ ఆర్డర్లు పంపే ప్రోగ్రాముని మార్చి, జులై 27 నుంచి విడతలుగా సర్వర్ల మీదకి ఎక్కించారు. సర్వర్లు ఎన్ని? ఎనిమిది. వెయ్యి కాదు, వంద కాదు. ఉద్యోగి ఏడింటికి ఎక్కించాడు, ఎనిమిదోదాని మీద ఎక్కలేదు. రెండో మనిషి సరిచూడలేదు, సరిచూడాలన్న రాతపూర్వకమైన నియమమూ లేదు. ఇదంతా అమెరికా సెక్యూరిటీస్ కమిషను 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో వివరంగా ఉంది. నా మాట వింటే, సర్వర్లు ముట్టుకునే ప్రతివాడూ దాన్ని చదవాలి.

ఎక్కకపోతే ఆ ఒక్క సర్వరు పాతపద్ధతిలో నడుస్తుంది, అంతేగా అనిపిస్తుంది. కానీ ఆ సర్వర్లలో 2003లోనే వాడడం మానేసిన పవర్ పెగ్ అనే పాత కోడు ఇంకా పడుంది. కొత్త కోడు రాసినవాళ్ళు, ఒకప్పుడు పవర్ పెగ్‌ని లేపడానికి వాడిన జెండానే కొత్త పనికి వాడుకున్నారు. ఏడు సర్వర్లలో ఆ జెండా అంటే కొత్త పని. ఎనిమిదోదానిలో ఆ జెండా అంటే తొమ్మిదేళ్ళుగా నిద్రపోతున్న పవర్ పెగ్‌ని లేపడం. పెద్ద ఆర్డరుని ముక్కలు చేసి పంపుతూ, చాలినన్ని షేర్లు వచ్చాయో లేదో లెక్క చూసి ఆగే భాగాన్ని 2005లోనే అక్కడినుంచి జరిపేశారు. అంటే లేచింది గానీ, ఆగడం తెలీదు. జిరాక్స్ పురుగులాగే.

పొద్దున 9:30కి మార్కెట్టు తెరిచారు. 212 చిన్న ఆర్డర్లు ఆ సర్వరుకి చేరాయి. వాటిని నెరవేర్చే పేరుతో అది 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు, 39.7 కోట్ల షేర్లు చేసింది. మార్కెట్టు తెరవకముందే వాళ్ళ సిస్టమే పవర్ పెగ్ పేరు పెట్టి 97 ఈమెయిళ్ళు పంపింది. వాటిని హెచ్చరికల్లా చూడాలని ఎవరికీ తట్టలేదు.

ఆ తరవాత జరిగింది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఏం జరుగుతోందో తెలియని గాభరాలో, కొత్త కోడే దోషి అనుకున్నారు. సరిగ్గా ఎక్కిన ఏడు సర్వర్ల మీంచి కొత్త కోడు తీసేశారు. జెండా మాత్రం వస్తూనే ఉంది. ఇప్పుడు ఆ ఏడింటిలోనూ పవర్ పెగ్ లేచింది. ఒక రోగి ఉన్న వార్డులో మిగతా ఏడుగురికీ అదే రోగం ఎక్కించినట్టయింది. నష్టం 46 కోట్ల డాలర్లకి పైమాట. కమిషను వేసిన జరిమానా 1.2 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదికల్లా ఆ కంపెనీ గెట్కో అనే ఇంకో సంస్థలో కలిసిపోయింది. నేను పైన చెప్పిన డీఎస్‌హెచ్‌బ్యాక్ ఆ ఎనిమిది సర్వర్ల మీద ఒక్కసారి నడిపి ఉంటే, “ఈ ఏడుగురూ ఒక మాట, ఈ ఒక్కడూ వేరే మాట” అని రెండు కుప్పలు కనబడేవి.

తక్కువ మిషన్లకి చేరడం ఒక ప్రమాదమైతే, ఎక్కువ మిషన్లకి చేరడం ఇంకోటి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్ళ ఎస్-త్రీ నిల్వ సర్వీసులో, బిల్లింగు భాగం నెమ్మదిగా ఉందని కొన్ని సర్వర్లు తప్పించబోయారు. అనుమతి ఉన్న మనిషే, ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కమాండులో ఇచ్చిన ఒక విలువ తప్పు పడింది. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. ఉత్తర వర్జీనియాలో దాదాపు నాలుగ్గంటలు ఇంటర్నెట్టులో సగం మూగబోయినట్టయింది. సర్వీసు బాగోలేదని చెప్పాల్సిన పేజీ కూడా ఎస్-త్రీ మీదే ఆధారపడి ఉండడంతో అందులో ఆ మాట పెట్టలేకపోయారు. తరవాత వాళ్ళు చేసిన మార్పు చూడండి. పనిముట్టు సర్వర్లని నెమ్మదిగా తీసేట్టు, కనీస సంఖ్య కన్నా తగ్గితే ఒప్పుకోనట్టు మార్చారు. వేగం కోసం ముప్పయ్యేళ్ళు తపించి, చివరికి వేగానికి కళ్ళెం వేశారు.

ఇప్పుడు యాన్సిబుల్‌లో విడతలుగా పంపే ఏర్పాటుంది. ముందు ఒక మిషను, అది బాగుంటే పది, అవీ బాగుంటే వంద. ఎక్కువమంది దీన్నే పాటిస్తారు. పాటించని రోజు ఒకటి 2024 జులై 19న వచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేరుకి రాత్రి 04:09 యూటీసీకి ఒక చిన్న ఫైలు పంపింది. అన్ని విండోస్ మిషన్లకీ, విడతలు లేకుండా. తప్పు తెలుసుకుని 05:27కి వెనక్కి తీసుకున్నారు. 78 నిమిషాలు. ఆలోపు దాన్ని తీసుకున్న మిషన్లు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆసుపత్రులు, బ్యాంకులు, విమానాలు. హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్ళే ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగు పాసు ఫొటో ఆ రోజు ప్రపంచమంతా తిరిగింది.

వెనక్కి తీసుకున్నాక ఇక బాగుపడాలి కదా? బాగుపడలేదు. పడిపోయిన మిషను లేచి, నెట్వర్కుకి తగులుకునేలోపే మళ్ళీ పడిపోతోంది. దాని చెవికి మన మాట చేరదు. ఎస్ఎస్‌హెచ్ లేదు, యాన్సిబుల్ లేదు, గోడ కాగితం చదివే ఓపిక దానికి లేదు. పంపడానికి 78 నిమిషాలు పట్టినదాన్ని తీయడానికి, చాలా ఆఫీసుల్లో ఒక మనిషి ఒక్కో మిషను దగ్గరికీ నడిచి వెళ్ళాల్సి వచ్చింది. సేఫ్ మోడులో లేపి, డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల తాళంచెవి చేత్తో కొట్టి, ఆ ఒక్క ఫైలు చెరిపి, మళ్ళీ లేపి, పక్క బల్ల దగ్గరికి. నా స్నేహితుడొకడు ఆ శుక్రవారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం రాత్రి దాకా అదే పని చేశాడు. వారాంతం కదా, కొన్ని గదులకి తాళాలేసి ఉన్నాయట. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవడానికే ఒక పూట పట్టిందన్నాడు.